కూత వింటే వెనక్కి

ప్రొద్దుటూరుకు నేను ఒక్కసారే వెళ్లాను. ఊళ్లో చూసింది కూడా ఒక్క కూడలే. చూపులేనివాళ్లు రోడ్డు దాటేందుకు మోగే సిగ్నల్ ఒకటి నెలల తరబడి కూర్చుని తయారు చేసి, విజయవాడ నుంచి తెచ్చి అక్కడ బిగించాను. పరీక్షకు చూపులేని ఒక రిటైర్డు తెలుగు మాస్టారు వచ్చారు. బీప్ బీప్‌మని మోగితే దాటాలని ముందే చెప్పాను.

మోగింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. కాసేపటికి మళ్లీ మోగింది. మళ్లీ వెనక్కే. మూడోసారికి నాకు ఒళ్లు మండింది.

"మోగితే ముందుకు నడవాలని ఎన్నిసార్లు చెప్పాలి మాస్టారూ?"

"నాకు తెలుసప్పా. కాళ్లు ఇనాల గదా," అన్నారాయన. "మాది ఎర్రగుంట్ల. ఇంటి ముందరే సిమెంటు లారీలు నిలుస్తాయి. ఈ కూత ఇనపడితే లారీ రివర్సు వస్తాందని లెక్క. ఇన్నేండ్లు ఎనక్కి జరగబట్టే బతికినా."

"ఇది లారీ కాదండీ, సిగ్నల్."

"నీకు కండ్లుండాయి, తెలుస్తాది. నాకెట్ల తెలియాల?"

విసుగ్గా ఫోన్ తీసి, 'సహకరించడం లేదు' అని రాసుకుంటున్నాను. అంతలో బీప్ వినిపించింది. ఈసారి నేనే దాటి చూపిస్తానని, ఫోన్‌లోంచి తలెత్తకుండానే రోడ్డు మీదికి అడుగేశాను. మాస్టారు నా చొక్కా పట్టి వెనక్కి లాగారు. కూడలి పక్కనున్న ధాన్యం మండీలోంచి రివర్సులో వస్తున్న లారీ నా మోకాళ్లను రాసుకున్నంత దగ్గరగా పోయింది.

"ఇప్పుడు మోగింది నీదా, లారీదా అప్పా?" అని అడిగారాయన.