గిటారు ఆగవలసిన చోటు

నోరిచ్చిన దేవునికి స్తోత్రం. ఆ నోరు ఎప్పుడు తెరవాలో, చేతిలోని వాయిద్యం ఎప్పుడు ఆపాలో నేర్పడానికి ఆయన నా దగ్గరికి పంపిన మనిషిని భరించే ఓర్పు కూడా ఇచ్చినందుకు మరొకసారి స్తోత్రం. ఆ ఓర్పు చాలా ఖర్చయింది.

మొన్న ఎచ్చెర్ల దగ్గర బస్సెక్కిన ఒక విద్యార్థిని నా పక్కన కూర్చుని ఫోనులో పాట పెట్టింది. మెల్లగా గిటారు, దానికన్నా మెల్లగా ఒక కుర్రవాడి గొంతు, గదిలో తలుపేసుకుని, దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు. సినిమాలతో పని లేకుండా కుర్రాళ్ళు సొంతంగా కట్టుకునే ఈ ఇండీ పాటలంటే ఇప్పటి పిల్లలకు ప్రాణం. "తలుపు తీసి పాడొచ్చు కదా" అని పైకే అనేశాను. ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి మీద కాదు. ఆ మాట నాది కాదు, రూతమ్మ టీచరుగారిది. ఆవిడ ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయి ఏళ్ళయినా నా నోట్లో కాపురం ఖాళీ చెయ్యలేదు.

గజపతినగరం దగ్గర మా చిన్న సంఘంలో పాటలు నడిపించింది ఆవిడే. బళ్ళో లెక్కలు చెప్పేవారు. ఇస్త్రీ చేసిన పొందూరు ఖద్దరు చీర, దానికన్నా బిగుసుకున్న అభిప్రాయాలు. భర్త రైల్వేలో గార్డుగా ఉండి, డ్యూటీకి వెళ్ళిన ఊళ్ళ నుంచి రాక్ క్యాసెట్లు తెచ్చేవారట. ఆయన పోయాక కూడా ఆవిడ వాటిని వదల్లేదు. వంటింట్లో పప్పు రుబ్బుతూ, గ్రైండరు హోరును మించిన సౌండు పెట్టుకుని వినేవారు. సంఘ పెద్ద ఒకాయన వచ్చి, "టీచరమ్మా, గిటారు సైతాను వాయిద్యం" అని హెచ్చరించారు. "సైతానుకి అంత ఓపికెక్కడిది బాబూ? సేతి యేళ్ళు కాయలు కాసీవరకూ నేర్సుకోవాలి. ఇక ఆ అరిసీవోడంటారా, ఆడు అరవడం లేదు, మొర పెడతన్నాడు. కీర్తనల్లో దావీదు మొర పెట్టలేదేటి?" అన్నారు. పెద్దాయన కాఫీ తాగకుండానే లేచిపోయారు.

అప్పుడే కాలేజీలో గిటారు నేర్చుకుంటున్న నాకు అండ దొరికిందని సంబరపడ్డాను. ఆ సంబరం ఒక్క ప్రాక్టీసు కూడా నిలవలేదు. సంఘంలో యౌవనస్థులం డ్రమ్స్, కీబోర్డు, పాట మధ్యలో ఒంటరిగా మోగే నా లీడ్ గిటారుతో బ్యాండు కట్టాం. ఆవిడ వచ్చి ముందు బెంచీలో కూర్చుని అంతా విన్నారు. "రాక్ బట్టలు ఏసుకున్నారు గాని మనిషి లోపల లేడు. కోపం లేదు, ఏడుపు లేదు. ఉప్పులేని పప్పుసారు" అన్నారు. నా లీడ్ గురించి అడిగితే, "పెళ్ళి బోజనాల కాడ మైకు దొరికిన మావయ్యలాగున్నాదే ఎస్తేరూ" అన్నారు. పెద్దలకు ఆవిడ మరీ లోకస్థురాలు, మాకు మరీ ముసలావిడ. ఇద్దరూ ఒప్పుకోని మాటే ఆవిడకు నచ్చేది.

అసలు పేచీ వేరే చోట వచ్చింది. మా అమ్మకు చదువు రాదు. మా సంఘంలో సగం మంది అంతే, వరి చేలల్లో పని చేసుకునేవాళ్ళు. వెనక రోజుల్లో ఒక చరణం ముగియకముందే రూతమ్మగారు తరవాతి చరణం మొదటి మాటలు గబగబా చెప్పేవారు. సంఘం అందుకునేది. దాన్ని మాట అందించడం అనేవారు. అమ్మకు పాటలన్నీ అలాగే వచ్చాయి. బ్యాండు వచ్చాక గోడ మీద తెర వచ్చింది, అక్షరాలు వచ్చాయి, మాట అందించే సందులో నా గిటారు వచ్చింది. ఒక శనివారం అమ్మ చెప్పేసింది. "రేపు నాను గుడికి రానమ్మా. ఇంటికాడే ఉంటాను. అక్కడ నాకు పనేటున్నాది?"

మోకాళ్ళ నొప్పులేమో అనుకుని రూతమ్మగారితో చెప్పాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, నేను కట్టిన కొత్త పాట వాయించమన్నారు. "ఎండిన చేను తడిపిన దేవా" అని మొదలవుతుంది. విని, "ఒలే, ఇందులో మీయమ్మ ఎక్కడ దూరతాది సెప్పు?" అన్నారు.

"తెర మీద అక్షరాలుంటాయి కదండీ."

"మీయమ్మకి అక్షరాలెక్కడివే? ఇదిగో, ఈ సందులో గిటారు ఆపు. డ్రమ్ములు కూడా ఆపించు."

"అది సందు కాదు టీచరుగారూ! అక్కడే నా లీడ్. దానికోసమే పాట కట్టాను."

"అందుకే సెప్తన్నాను. దేవుడి కోసం కట్టుంటే ఆపీదానివి."

తలుపు ధడాలున వేసి వచ్చేశాను. కాని ఆదివారం అమ్మను బతిమాలి తీసుకెళ్ళాను. పాట మొదలైంది. ఆ చోటు రాగానే నా చెయ్యి ఆగింది. ఇష్టంగా ఆగలేదు, పళ్ళు కొరుకుతూ ఆగింది. నన్ను చూసి బ్యాండంతా ఆగింది. రూతమ్మగారు లేచి, "ఎండిన చేను!" అని పల్లవి అందించారు. ఎవరూ అందుకోలేదు. డ్రమ్స్ కుర్రాడు కర్ర ఎత్తబోతే ఆవిడ ఒక చూపు చూశారు. మళ్ళీ అందించారు. అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి అమ్మ గొంతు లేచింది. తాళం తప్పి, నేను రాయని మాటతో, "ఎండిన చేను తడిపినావు తండ్రీ" అని. పక్కవాళ్ళు అమ్మనే అందుకున్నారు. గుడంతా అమ్మ మాటే పాడింది. కీబోర్డు వాడు శ్రుతి వెతుక్కుంటూ చచ్చాడు. అమ్మ కళ్ళు మూసుకుని పాడుతూనే ఉంది. ఆ తరవాత ఏ ఆదివారమూ అమ్మ ఇంట్లో ఉండిపోలేదు.

ఆరాధన అయ్యాక నేను కన్నీళ్ళతో రూతమ్మగారి చేతులు పట్టుకున్నాను. ఆవిడ చేతులు విడిపించుకుని, "డ్రమ్ములు ఇంకా ఎక్కువే" అన్నారు.

డ్రమ్స్ విషయంలో ఆవిడదే పొరపాటని నేను ఇప్పటికీ అంటాను. ఆ పాటను మా సంఘం ఇప్పటికీ అమ్మ మాటతోనే పాడుతుంది. నా మాటే బాగుంటుందని చెప్పినా వినేవారు లేరు. ఇప్పుడు పాటలు నడిపించేది నేనే. ఎంత మంచి బ్యాండు విన్నా, దేశమంతా మెచ్చిన గిటారు విన్నా, ఇందులో ఎవరైనా దూరడానికి చోటుందా అని వెతకడం నాకు రోగంలా పట్టుకుంది. హాయిగా ఒక పాట విని ఎన్నాళ్ళయిందో!

ఇది చదువుతున్న మీరు నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, వాయించే చేతులకు ఆగే కృప ఇవ్వు. తాళం తప్పినవారి కోసం మమ్మల్ని కనిపెట్టుకుని ఉండనివ్వు. రూతమ్మగారు నీ సన్నిధిలో దూతల వాయిద్యాలకు వంకలు పెడుతుంటే కాస్త ఓర్చుకో. ఆమేన్ నేను అనను. ఆ చోటు మీది.