కడ్డీ దిగని చోటు

ఆ రోజు సమాధుల తోటలో ఉన్నది నలుగురం. మెథడిస్టు సంఘం పాస్టరు అయ్యగారు, గుంతలు తవ్వే మనిషి, మిషను దవాఖానలో వంట చేసి మానేసిన ఒక అవ్వ, నేను. ఉన్న వస్తువులు: వంద అడుగుల టేపు, సంచెడు కొయ్య మేకులు, సుత్తె, తెల్లగుడ్డ పీలికలు, నీళ్ల కుండ, మూరెడు పొడవున్న ఇనుప కడ్డీ. కడ్డీ అయ్యగారిది. ఒక కొన సాన పట్టి ఉంది, రెండో కొనకు సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఉంది.

డెబ్బైల చివర, ఎండాకాలం. నేను సివిల్ డిప్లొమా పూర్తి చేసి, పరకాల రోడ్డు వెడల్పు చేసే పనిలో కొలతలు తీయడానికి కొత్తగా చేరాను. తోటలో రోడ్డు వైపున్న ఒక పట్టీ రోడ్డులోకి పోతుంది. అందులో ఒక్క సమాధి రాయి లేదు. ఒకప్పుడు గత్తర వచ్చి, కక్కుతూ విరేచనాలవుతూ జనం పోయినప్పుడు హడావుడిగా పాతిపెట్టిన జాగా అది. పెట్టిన కర్ర సిలువలను చెదలు తినేశాయి. మా ఇంజనీరు మాట ఒకటే: సంఘం వాళ్లు చూపించిన సమాధులు తీసి వెనక్కు మార్చుకోవచ్చు, కూలీనీ బండినీ మేమిస్తాం. చూపించలేనివాటి మీద రోలరు నడుస్తుంది.

అవ్వ అందుకే వచ్చింది. ఆమె మొదటి కొడుకు, రెండేళ్లవాడు, ఆ గత్తరలోనే పోయాడు. అప్పుడు ఆమె కూడా అదే జబ్బుతో ఒళ్లు తెలియకుండా పడి ఉంది. పాతిపెట్టి వచ్చిన భర్త, జాగా చూపించకముందే తనూ పోయాడు.

"రోడ్డేస్తే లారీలన్ని వాని మీదికెల్లే పోతయి సారూ," అంది నాతో. "వానికి చప్పుడంటే భయం."

బతికి ఉంటే వాడికి నా కంటే ఎక్కువ వయసుండేది. ఆమె మాత్రం పక్క గదిలో నిద్రపోతున్నవాడి గురించి చెప్పినట్టే చెప్పింది.

అయ్యగారిది రఘునాథపల్లి దగ్గర ఒక ఊరు. ఇరవై ఏళ్లకు ఫౌజులో చేరి, రెండో ప్రపంచ యుద్ధంలో ఆఫ్రికా ఎడారికి పోయారు. అక్కడ ఆయన పని ఇసుకలో పాతిన మందుపాతరలు వెతకడం. తిరిగొచ్చి దైవశాస్త్రం చదివి, ముప్పై ఏళ్లు సైకిలు మీద ఊరూరా వాక్యం చెప్పారు. పచ్చికలో అడుగు పెట్టరని, ఎవరో ఒకరు నడిచిన చోటే నడుస్తారని సంఘంలో నవ్వుకునేవారు.

ఆయన అంగీ విప్పి గోడ మీద పెట్టి, బోర్లా పడుకున్నారు. కడ్డీని నిలువుగా కాకుండా ఏటవాలుగా పట్టి, జానకొకసారి మెల్లగా గుచ్చుతూ ముందుకు పాకారు. ఎన్నడూ తవ్వని గట్టి మొరం నేల తగిలితే కడ్డీ ఆగుతుంది. మెత్తగా దిగితే అక్కడ ఒకప్పుడు తవ్వి పూడ్చినట్టు. ఒకసారి కదిపిన నేల ఎన్నేళ్లయినా తొలి గట్టితనానికి రాదు. మేం చదువుకున్నదీ అదే. దొరికిన సమాధికి తల వైపొక మేకు, కాళ్ల వైపొక మేకు కొట్టి గుడ్డ పీలిక కట్టేవారు. తర్వాత తన జాడల్లోనే వెనక్కు వచ్చేవారు. మమ్మల్నీ అలాగే నడవమన్నారు.

గుంతలు తవ్వే మనిషి ఊరుకోలేదు. "అయ్యగారూ, పాతిపెట్టినోళ్లు పేలుతరా ఏంది?"

"పేలినోళ్లను సుత పాతిపెట్టిన బిడ్డా. జర ఊకో."

ఒక చోట కడ్డీ దించకముందే చెయ్యెత్తి మమ్మల్ని ఆపారు. దించితే మెత్తగా పోయింది. ఎట్లా తెలిసిందని అడిగాను.

"చెయ్యి చల్లబడ్తది. ఎడారిల అలవాటైంది, ఇడిసిపెడ్తలేదు. ముట్టుకో."

ముట్టుకున్నాను. ఆ ఎండలో ఆయన అరచెయ్యి నీళ్ల కుండ అడుగులా ఉంది.

పొద్దు వాలేసరికి పట్టీ అంతా అయిపోయింది. దొరికినవి పదమూడు. టేపు పెట్టి చూశాను, పదమూడూ పెద్దవాళ్ల పొడవే.

"నావోడు?" అంది అవ్వ.

అయ్యగారు సీతాఫలం పొద పక్కకు పోయి మళ్లీ పడుకున్నారు. టేపు పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. కడ్డీ రెండంగుళాలు దిగి, కిర్రుమని ఆగింది. ఆయన లేచి, అక్కడ దగ్గర దగ్గరగా రెండు మేకులు కొట్టి గుడ్డ కట్టారు.

"గిక్కడున్నడమ్మా."

అవ్వ అక్కడే కూలబడి, నేల మీద చెయ్యి పెట్టి జోకొట్టడం మొదలుపెట్టింది.

గేటు దగ్గర అయ్యగారు నాతో అన్నారు: "పొద్దుగాల ఇంత మట్టి తీసి చిన్న పెట్టెల పెడ్తం. ఆమెకు గది చాలు. లేని జాగల మేకు కొట్టుడు నాకు గిదే మొదలు. గప్పట్ల తప్పు కొడితే మనుషులు సచ్చేటోళ్లు."

మర్నాడు ఆ పదమూడూ తీశారు. పద్నాలుగోది చివరికి ఉంచారు. పైన మొరం ఎంత గట్టిగా ఉందంటే గడ్డపార నిప్పులు రాల్చింది. "గిది తవ్విన జాగ కాదు అయ్యగారూ," అన్నాడు గుంతలు తవ్వే మనిషి. అవ్వ వింటోందని కళ్లతో సైగ చేశాం. మోకాలి లోతుకు పోయాక గడ్డపార ఉన్నట్టుండి సర్రున దిగిపోయింది. అతను దాన్ని వదిలేసి, చేతులతో మట్టి తీశాడు.

కింద ఒక పసివాడు ఉన్నాడు. దవడలో పాలపళ్లు అట్లాగే ఉన్నాయి. నడుము దగ్గర మట్టిలో చిన్న రాగి బిళ్ల.

"మా నాయన కట్టిన మొలతాడుది," అంది అవ్వ. ఏడవలేదు. కొంగు పరిచి, "ఇట్లియ్యి బిడ్డా, నేనే పెడ్త," అని ఒక్కొక్కటీ తీసుకుని పెట్టెలో సర్దింది.

నేను గుంతలోకి దిగి గోడలు చూశాను. మొరం పొర ఎక్కడా తెగలేదు. పిల్లవాడి చుట్టూ ఆ పొర అఖండంగా ఉంది. పైనుంచి తవ్వినట్టు ఏ గుర్తూ లేదు. ఆ మిగతా పదమూడింటికీ తవ్వకం గీత స్పష్టంగా ఉండింది.

పైకొచ్చేసరికి అయ్యగారు గుడ్డలు కట్టిన మేకుల మధ్య ఖాళీ నేలను చూస్తున్నారు. సంతోషం లేదు ఆయన ముఖంలో.

"కడ్డీ ఎంత దిగింది బిడ్డా?"

"రెండంగుళాలు."

"నువ్వు సుత చూసినవ్ గద."

"చూసిన అయ్యగారూ."

"చెయ్యి సుత చల్లబడలే." అరచెయ్యి తిప్పి చూసుకుంటూ అన్నారు: "ఎడారిల గిసొంటి నేల మీదనే, ఏం లేదు నడువుండ్రని, ఎంతమందిని నడిపించిన్నో."

పట్టీ మొత్తం మళ్లీ తవ్వించమని ఆయన మా ఇంజనీరును అడిగారు. చూపిస్తే తవ్వుతాం, ఎక్కడ చూపిస్తారన్నాడు ఇంజనీరు. అయ్యగారు మళ్లీ పడుకుని కడ్డీ గుచ్చారు. అంతటా రెండంగుళాలే. సాయంత్రానికి కంకర లారీలు వచ్చి గోడ పక్కన ఆగాయి.

రోడ్డు పడ్డాక ఒకసారి పరకాల బస్సులో ఆయన పక్కన కూర్చున్నాను. ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర గురించి ఏదో చెబుతున్నవారు, తోట గోడ రాగానే మాట ఆపి, రెండు పాదాలూ బస్సు అడుగు మీంచి పైకెత్తారు. గోడ దాటాక దించి, ఆపిన చోటి నుంచే చెప్పారు. నా పాదాలూ గాలిలోనే ఉన్నాయని అప్పుడు చూసుకున్నాను.

పట్టీ పొడవు నూట పది అడుగులు, వెడల్పు పద్దెనిమిది. కడ్డీ చూపినవి పదమూడు. తీసినవి పద్నాలుగు.