మోటారు కొట్టులో మూడు డబ్బాలు

రిజర్వాయరు కట్ట ఎత్తు పెంచుతున్నారనీ, ఆత్మకూరు పక్కనున్న మా మిరప చేను మునిగిపోతుందనీ నోటీసు వచ్చినప్పుడు, ఒక్క మేకు కూడా నీళ్ళపాలు చేయకూడదనుకున్నాను. మోటారు కొట్టు తలుపు పీకాను, పైకప్పు రేకులు దించాను, మోటారు, స్టార్టరు, పైపులు ట్రాక్టరుకెత్తించాను. అంత పీనాసిని. చేలోని పేడ దిబ్బను, గట్టు మీది తుమ్మ చెట్లను మాత్రం ఎవరు మోస్తారులే అని వదిలేశాను.

కొట్టు గోడ గూట్లో పురుగుమందు డబ్బాలు మూడు మిగిలాయి. వాటిలో ఇంకా సగం మందుంది. అవీ తెద్దామంటే మా ఆవిడ అడ్డం తిరిగింది.

"బిడ్డ కాన్పుకొస్తాండాది. ఆ విషం ఇంట్లోకి తెచ్చినావంటే నేను పుట్టింటికి పోతా" అంది.

సరేనని ఉన్నచోటనే వదిలేసి వచ్చాను. వాటినేం చేశావని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ వానాకాలమే నీళ్ళు ఎక్కి కొట్టు కనపడకుండా పోయింది. మా ఊరి కుళాయిలకు వచ్చేవీ ఆ నీళ్ళే.

ఎండాకాలానికి కుళాయి నీళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. కుళ్ళిన గుడ్ల వాసన. ఊళ్ళో అందరూ విసుక్కున్నారు, నేను భయపడ్డాను. డబ్బాల మూతలు గట్టిగా తిప్పానా లేదా? ఎంత ఆలోచించినా గుర్తు రాదు. ఆరు నెలల మనవరాలు పాలు కక్కిన ప్రతిసారీ ఆ డబ్బాలే కళ్ళముందు మెదిలేవి. పాలపొడి కలపడానికి క్యాను నీళ్ళు వాడమంటే మా ఆవిడ నవ్వింది.

"కాచి చల్లార్చి కలపతానే ఉండాను గదా. ఏందయ్యా నీ చాదస్తం?"

కాచినంత మాత్రాన మందు పోదని చెప్పకుండానే అక్కణ్ణుంచి తప్పుకున్నాను.

చివరికి నీళ్ళు పరీక్ష చేసే ఆయన వచ్చి, ట్యాంకు దగ్గర బిందెలతో చేరిన మా అందరి ముందే నీళ్ళు సీసాల్లో పట్టుకున్నాడు. కొత్తగా మునిగిన చెట్లూ పేడా అడుగున కుళ్ళుతుంటే ఈ రంగూ వాసనా వస్తాయన్నాడు. "అవి కాక ఇంకేమైనా మునిగాయా?" అని అడిగాడు. ఇక ఉండబట్టలేదు.

"మూడు డబ్బాలు సార్. పురుగుమందు."

నలుగురూ మీద పడి తిడతారనుకున్నాను. కానీ మా పక్క చేను మామ తల దించుకుని "నాయి అయిదు" అన్నాడు. వెనక నుంచి ఎవరో "మావీ ఉండాయి సార్" అన్నారు. ఆ తర్వాత ఇంకొకరు.

మా ఆవిడ నిండు బిందె అక్కడే దించి నా దగ్గరికి వచ్చింది.

"ఏమయ్యా, ఇన్నాళ్ళూ నా చేత్తో పాపకు ఏం తాపించినాను?"