తుష్నాబాద్ బావతో నెత్తురు బేరం

నా బేరాలన్నిటిలోకీ పెద్దది చెల్లెలి మీద చేశాను. మా దీవుల్లోని మిడిల్ పాయింట్‌లో మా నాన్న కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగినవాణ్ని. ఎదుటివాడు ఎక్కడ దిగొస్తాడో నాకు తెలుసు. మా సువార్త కూతురు కీర్తనకు ఏడేళ్లు. నాలుగైదు మాటలే వచ్చు. పాప క్రోమోజోముల్లో ఒక ముక్క ఎక్కువ, ఇంకోటి తక్కువ ఉన్నాయని చెన్నై ల్యాబు తేల్చింది. తల్లిదండ్రుల రక్తం కూడా పంపమంది. సువార్త ఇచ్చింది. తల్లీబిడ్డల్ని మా ఇంట్లో దింపిపోయిన బావ డానియేలు మాత్రం ఇవ్వనన్నాడు.

"తేడా చెల్లెల్లో ఉంటే నీ గడప తొక్కదు. నీలో ఉంటే ఇద్దర్నీ తీసుకెళ్లాలి" అన్నాను.

రక్తం ఇవ్వడానికి వెంటనే చెయ్యి చాచాడు.

రిపోర్టు రాగానే ముగ్గురం ఉదయం ఏడింటి తుష్నాబాద్ బస్సెక్కాం. వెళ్లేవాళ్లు వెనక సీట్లు పట్టకండి, నడుములు విరుగుతాయి. ఖాళీ కూరగాయల బుట్టలతో పక్కన కూర్చున్నావిడ పాపను చూసి, "బచ్చీ బోల్తీ నహీఁ క్యా? మాటలు రావేటి? కడుపుతో ఉన్నప్పుడు ఏటి తిన్నావమ్మా?" అంది.

"అన్నమే దీదీ."

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడేళ్లుగా ఊరంతా ఇదే అడుగుతోంది. తండ్రిని ఏం తిన్నావని అడిగినవాడు ఒక్కడూ లేడు!

ఎనిమిదిన్నరకు బావ వాళ్ల అరుగు ముందు నిలబడి రిపోర్టు చదివాను. బావ క్రోమోజోముల్లోనే రెండు ముక్కలు చోట్లు మార్చుకున్నాయి. అతనికి ఏ లోటూ లేదు, పాపకు చేరేసరికి లెక్క తప్పింది. ఎవరి తప్పూ కాదని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. ఆ మాట మాత్రం నేను చెప్పలేదు.

"సీసాలు మారిపోయుంటాయి" అంది బావ తల్లి.

బావ తల దించుకున్నాడు. "మాట మాటే. లోపలికి రా సువార్తా."

అది కదల్లేదు. "కాయితంలో నా పేరుండుంటే?"

"ఛోడో, వదిలెయ్. లేదు కదా!"

"పెళ్లాన్ని కాయితం సూసి ఏలుకుంటావేటి?" అని, నా వైపు తిరిగింది. "నువ్వయితే నన్ను తక్కెట్లో పెట్టేసినావు అన్నయ్యా. ఒక్కమాట అడిగినావా?"

పదింటి తిరుగు బస్సులో పాపను ఎత్తుకుని వేరే సీట్లో కూర్చుంది. టికెట్లు తనే కొనుక్కుంది.

ఖర్చు రాస్తున్నాను. వెళ్లేటప్పుడు రెండున్నర టికెట్లు, డెబ్బై అయిదు. బావ ఇంట్లో మంచినీళ్లు కూడా ఇవ్వలేదు గనక టీలు, బిస్కెట్లు నలభై. వచ్చేటప్పుడు నా ఒక్కడి టికెట్టు ముప్పై. మొత్తం నూట నలభై అయిదు. సువార్త, పాపల టికెట్ల డబ్బులు నలభై అయిదు తీసుకోమని బస్సు జంగ్లీఘాట్ చేరేదాకా బతిమాలాను. తీసుకోలేదు. అవి ఇంకా నా దగ్గరే ఉన్నాయి.