పచ్చ దీపం ఆగకముందే

మా ఆయన లిఫ్టు మెకానిక్. రెండంతస్తుల మధ్య ఎవరో ఇరుక్కుని లబలబలాడుతుంటే, ఈయన పైన మోటారు గదిలో కూర్చుని తాపీగా ఒక్కో తీగే పట్టి చూసే రకం. ఆ కేకలు వింటూ పని చేస్తే తప్పు ఎక్కడుందో తెలియదట. ఇంట్లోనూ అదే తాపీ. కుళాయి కారుతోందని చెబితే, ఎలా కారుతోందో ముందు వారం రోజులు చూస్తారు. ఈలోపు బాల్చీలు మార్చలేక నా ప్రాణం పోతుంది.

మా తమ్ముడు మాతోనే ఉంటాడు. వాడిది కట్టుడు పళ్లు చేసే పని. డాక్టర్లు పంపిన అచ్చు ముందు పెట్టుకుని మైనంతో ఒక్కో పన్నూ చెక్కేవాడు. మంచి పనివాడని పేరు. రెండేళ్ల కిందట వాడి వేళ్లలో పట్టు తప్పడం మొదలైంది. నరాల జబ్బన్నారు. నయం కాదు, మందులతో ఉన్నచోట ఆగితే అదే గొప్ప అన్నారు. పని మానేసి మా వెనక గదిలోకి వచ్చేశాడు. నేను కళ్లజోళ్ల దుకాణంలో పనికి బయలుదేరేటప్పుడు రోజూ గుమ్మంలోంచి అడిగేదాన్ని.

"ఎలా ఉందిరా?"

"ఆగిందక్కా" అనేవాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని నేను రోజంతా నెట్టుకొచ్చేదాన్ని.

వాడికి కాలక్షేపం ఉండాలని మా ఆయన ఒక గేముల కంప్యూటరు తయారు చేశారు. అరచేతిలో ఇమిడే సర్క్యూట్ బోర్డు, దానికి ఖాళీ బిస్కెట్ డబ్బాతో పెట్టె, రెండు జాయ్‌స్టిక్కులు, మా పాత టీవీ. చిన్నప్పుడు వీడియో గేముల షాపుల్లో ఆడిన ఆటలన్నీ గోరంత మెమరీ కార్డులో పట్టాయి. ఆదివారం భోజనాలయ్యాక బావా బావమరుదులిద్దరూ దాని ముందు చేరేవారు. ఇద్దరికీ కలిపి తొంభై ఏళ్లు దాటాయి, ఎవరికీ సిగ్గు లేదు. విమానాల ఆటలో మొదటి పది స్కోర్ల పట్టిక ఒకటి ఉంటుంది. వాడి చేతులు ఇంకా కాస్త మాట వింటున్న ఆ మొదటి నెలల్లోనే అందులో తొమ్మిది స్థానాలు వాడివైపోయాయి. అన్నిటికన్నా పైది అరవై ఒక్క వేలు. పదోది మా ఆయనది.

"అది కూడా జాలిపడి వదిలేశాను బావా."

"నీ జాలి తగలెయ్య. వచ్చే ఆదివారం చూపిస్తా నీ సంగతి."

తర్వాత్తర్వాత తమ్ముడు జాయ్‌స్టిక్ ముట్టుకోవడం తగ్గించాడు. కళ్లు లాగుతున్నాయనేవాడు, నువ్వాడు బావా నేను చూస్తాననేవాడు. ఆడకపోయినా వెటకారం మాత్రం తగ్గలేదు కాబట్టి మేం పట్టించుకోలేదు.

వానాకాలంలో కార్డు పాడవడం మొదలైంది. స్విచ్ వేస్తే ఎర్ర దీపం వెలుగుతుంది. కార్డు పనిచేస్తుంటే మిణుకుమనాల్సిన పచ్చ దీపం వెలగదు. తెర నల్లగా ఉండిపోతుంది. కార్డు తీసి వేరే కంప్యూటర్లో పెట్టి చూస్తే లోపల ఫైళ్లన్నీ చిందరవందర. మా ఆయన దగ్గర వాటన్నిటికీ ఒక కాపీ ఉంది. దాన్ని మళ్లీ ఎక్కించి, "నీ తొమ్మిదీ పొల్లు పోకుండా తెచ్చాను చూసుకో" అని గొప్పలు పోయేవారు. పది రోజులు తిరిగేసరికి మళ్లీ అదే కథ.

ఆయన ముందు కార్డు నకిలీదేమోనని అనుమానించారు. అంచులదాకా నింపి, ఎక్కించినదంతా తిరిగి చదివించి చూశారు. కార్డు మంచిదే. తర్వాత ఛార్జరు వంతు. కరెంటు చాలకపోతే తెర మూలన చిన్న మెరుపు గుర్తు వస్తుందట. దానికోసం ఒక ఆదివారమంతా తెరకేసి చూస్తూ కూర్చున్నారు, రాలేదు. అయినా మందమైన తీగతో కొత్తది తెచ్చారు. మూడో అనుమానం ఆపే పద్ధతి మీద. కార్డు మీద రాత నడుస్తుండగా కరెంటు తీసేస్తే ఫైళ్లు చెడతాయి. అందుకని "ముందు మెనూలో ఆపాలి. పచ్చ దీపం ఆగాకే స్విచ్ కట్టాలి" అని పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించారు. తమ్ముడు చదివి బుద్ధిగా తలూపాడు. మరుసటి వారం కార్డు మళ్లీ పోయింది.

అప్పుడు లిఫ్టుల్లో చేసే పనే ఇక్కడా చేశారు. యంత్రం ఎప్పుడు లేచిందీ, ఎప్పుడు ఆగిందీ, మధ్యలో ఏం జరిగిందీ పక్కన పెట్టిన పెన్‌డ్రైవ్‌లో రాసుకునేలా చిట్టా పెట్టారు. ఎవరికీ చెప్పలేదు.

బుధవారం సాయంత్రం ఒక కాగితం పట్టుకుని వంటగదిలోకి వచ్చారు.

"సోమవారం పొద్దున పదింటికి మొదలు. మనిద్దరం ఇంట్లో లేం. ముప్పావు గంట ఆడాడు. స్కోర్లు చూడు."

నాలుగు వందల పది, రెండు వందల అరవై, తొంభై, తొంభై, నలభై.

"ఆట అవగానే, ఆ వారం ఆడిన స్కోర్లన్నీ వేరే జాబితాలో రాసుకుంటుంది. అది రాస్తుండగా, పచ్చ దీపం ఆగకముందే స్విచ్ కట్టేశాడు. మోచేత్తో కట్టుంటాడు. ఫైళ్లు చెడతాయి, నేను పాత కాపీ ఎక్కిస్తాను, తొమ్మిది స్థానాలూ తిరిగొస్తాయి. ఈ నలభై మాత్రం ఎవరికీ కనపడదు."

నాకు ముందు కోపం వచ్చింది. తమ్ముడి మీద కాదు, ఆ కాగితం తెచ్చిన మనిషి మీద. కార్డు బాగు చెయ్యమంటే చేసి ఊరుకోవచ్చుగా. ఆ తర్వాత ఏడుపొచ్చింది. జబ్బు ఆగలేదన్నమాట. ఇన్నాళ్లూ నా కళ్ల ముందే అబద్ధమాడాడు, నాకోసమే ఆడాడు.

"వెళ్లి అడుగుతాను."

"అడక్కు" అన్నారు ఆయన. "నేను చూసుకుంటాను."

చూసుకోవడమంటే, కార్డు మీద కొత్తగా ఏదీ రాయకుండా తాళం వేశారు. ఇక ఎంత ఆడినా, ఎప్పుడు స్విచ్ కట్టినా ఏమీ చెడదు, ఏమీ మిగలదు. తమ్ముడితో మాత్రం తప్పు ఛార్జరు సాకెట్లో దొరికిందని చెప్పారు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. చెవులు ఎర్రబడ్డాయి.

ఆదివారం మా ఆయన ఒక ఆట ఆడగానే తమ్ముడు యంత్రాన్ని ఒకసారి ఆపించి, మళ్లీ వేయించాడు. ఇందాకటి ఆట స్కోరు జాబితాలో లేదు.

"రాయకుండా చేశావు కదూ బావా?"

ఆయన చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి.

"నీ లిఫ్టుల్లోలా చిట్టా కూడా పెట్టావా?"

"పెట్టాను."

"ఎంతదాకా చూశావు?"

"నలభై దాకా."

నేను తడి చేతులతోనే గుమ్మంలో నిలబడిపోయాను. తమ్ముడు నా వైపు చూడలేదు.

"ఆ తొమ్మిదీ తీసెయ్ బావా. నీ దగ్గరున్న కాపీ కూడా."

మా ఆయన గొంతు లేవడం నేను వినడం అదే మొదటిసారి. "అవి నీవిరా! ఎన్నిసార్లు కూర్చుని తెచ్చానో తెలుసా నీకు?"

"తెలుసు. నువ్వు తెచ్చినప్పుడల్లా నేను దాక్కోవాల్సొస్తోంది."

ఆయన లేచారు. తాళం తీశారు, కాపీ చెరిపేశారు, పట్టిక చెరిపేశారు. తెర మీద పది ఖాళీ గీతలు మిగిలాయి. తమ్ముడు జాయ్‌స్టిక్‌ను రెండు మణికట్ల మధ్య బిగించి పట్టుకుని ఆడాడు. నిమిషం కూడా పట్టలేదు. స్కోరు ముప్పై, మొదటి స్థానం. పేరులో మూడు అక్షరాలు కొట్టమని అడిగింది. వాడు తిప్పబోతే అక్షరాలు దాటి వెళ్లిపోయాయి. ఇంకోసారి ప్రయత్నించాడు. మూలన గడువు అంకెలు తగ్గిపోతున్నాయి.

"అక్కా, నా పేరు నువ్వు కొట్టవే."

వాడి పక్కన కూర్చుని, చెప్పినవి నొక్కాను. ముప్పై పక్కన వాడి పేరు పడింది. మా ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నారు.

ఆ సాయంత్రం వాడి గదిలోకి కంచం తీసుకెళ్లాను. ఎప్పట్లాగే "అక్కడ పెట్టి వెళ్లక్కా" అంటాడనుకున్నాను. అనలేదు. నేను ముద్ద కలిపే వరకూ ఆగి, నోరు తెరిచాడు.