చేతులందరికున్నయి, కాళ్లు చూపు

ముందే ఒప్పుకుంటున్నాను. నన్ను చీమ కుడితే, వీధి చివరికి వెళ్లి చెప్పేసరికి అది ఏనుగు తొక్కడంగా మారిపోతుంది. కాబట్టి కింద రాసినదాంట్లో మీకు తోచినంత కోసేసుకోండి. పూర్తిగా కల్పించింది ఏదో చివర్లో నేనే చెబుతాను.

నేను కైరోప్రాక్టర్‌ని. పట్టేసిన వెన్నును, మెడను చేతులతో సవరించి కదలిక తెప్పించడం నా పని. మందు రాయను, సూది వేయను. ఆ గ్రీకు పేరుకు అర్థమే చేత్తో చేసే పని అని. కరీంనగర్ బస్టాండు దగ్గర ఒక గది తీసుకొని బోర్డు రాయించాను. అంత పొడుగు మాట ఒక్క వరుసలో పట్టలేదు. పైన 'కైరో' అని ఆటో అంత అక్షరాలు, కింద 'ప్రాక్టర్' అని ఆవగింజలంత అక్షరాలు వచ్చాయి. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండే జిల్లా మాది. తెల్లారేసరికి గది ముందు పాస్‌పోర్టులతో జనం.

"అన్నా, కైరోకు డ్రైవర్ వీసాలున్నయా?"

"గిది వీసాల ఆఫీసు కాదు తమ్మీ. నడుము నొప్పులకు."

"నా నడుము మంచిగనే ఉన్నది. వీసా ఉన్నదా లేదా, గది జెప్పు."

కైరోకు పంపలేనని నేను వెనక్కి పంపినవాళ్లతో ఒక విమానం నింపవచ్చు.

అదంతా సహించాను. సహించలేనిది మా మామ దగ్గు. ఆయన చొప్పదండిలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. పెళ్లిళ్లలో పెద్దల్లుణ్ణి చూపించి "గీయిన సారు, బళ్లె పాఠాలు జెప్తడు" అనేవాడు. నా దగ్గరికొచ్చేసరికి దగ్గేవాడు. "గీయిన... గీయిన చిన్నల్లుడు." ఆ దగ్గు ఉన్నచోట నా వృత్తి పేరు వినాలని నా ఆశ.

ఒకసారి ఆయన్ని కూర్చోబెట్టి మా తత్వమంతా విప్పాను.

"మామా, ఒంటికి తనను తానే బాగుచేసుకునే తెలివుంటది. మేము అడ్డం దీస్తం, గంతే."

"అల్లుడా, సాంచ తనకు తానే బాగయితదని నేను మా సేటుతోని అంటె, సాంచ కన్న ముందు నన్ను తీసేస్తడు."

నిజానికి ఈ మాట మీద మా వృత్తి పెద్దలే రెండు పక్షాలు. ఒకరు ఒంటి తెలివి అంటారు. ఇంకొకరు, కీలు కదిలితే నొప్పి తగ్గుతుంది, అంతవరకే మాట్లాడు అంటారు. నేను పొద్దున మొదటి పక్షం, అన్నం తిన్నాక రెండో పక్షం.

నా గది ఖాళీగా ఉండటం చూడలేక నన్ను కన్న మా అవ్వ రంగంలోకి దిగింది. ఎదురుకాళ్లతో, అంటే తలకు బదులు కాళ్లు ముందు వచ్చి, పుట్టినవాడు తంతే పట్టిన నడుము వదులుతుందని మా దగ్గర నమ్మకం. అవ్వ కూరగాయల మార్కెట్లో నిలబడి "నా కొడుకు ఎదురుకాళ్లోడు" అని చాటింది. మరునాడు గది ముందు నుంచి బస్టాండు దాకా జనం బోర్లా పడుకొని ఉన్నారు. తన్నడానికి కాదుగదా, నడవడానికే కాలు పెట్టే చోటు లేదు. చేతులతో చేస్తానంటే దులుపుకొని లేచిపోయారు.

"గట్లెందుకు జెప్పినవే అవ్వా?"

"మరి నీ కైరోకు ఎవడొస్తుండురా?"

"నేను నిజంగ ఎదురుకాళ్లతోనే పుట్టిన్నా?"

"ఏమో కొడుకా. అప్పుడు నేను చూసే హాలత్‌ల ఉన్ననా?"

ఇంతలో చెన్నూరులో చుట్టాల పెళ్లి వచ్చింది. సరిగ్గా ముందురోజు మామ మెడ పట్టేసింది. తెగిన పోగు కోసం కుడికి తిప్పిన తల అక్కడే ఆగిపోయింది. ఆటోలో డ్రైవర్ పక్కన కూర్చొని, కరీంనగర్ దాకా అతని చెవిలోకే చూస్తూ వచ్చాడు. ఏం తప్పు చేశానోనని ఆ డ్రైవర్ పరేషానయ్యాడు. దిగీ దిగగానే మామ నా గది గడప మీద బోర్లా పడుకున్నాడు.

"తన్ను."

"ఏంది మామా?"

"మీ అవ్వ జెప్పింది. తన్ను, నేనేమనుకోను."

"గది నడుముకు మామా, నీది మెడ. అయినా నేను చేతులతోని జేస్త."

"చేతులందరికున్నయి అల్లుడా. కాళ్లు చూపు."

తెలంగాణలో ఇంకే అల్లుడికి ఇలాంటి అవకాశం వచ్చి ఉంటుంది? నా కుడికాలు దానంతటదే చెప్పు విడిచింది. వెనకనుంచి మా ఆవిడ అంది: "ఎత్తు, ఎత్తు. మళ్ల యాడ దించుతవో నేను జూస్త."

నాకు భయం వేసింది ఆవిడను చూసి మాత్రమే కాదు. ఇప్పుడు తన్నితే, మెడ బాగైనా కాకపోయినా, నేను జీవితాంతం ఎదురుకాళ్ల అల్లుణ్ణే. మామను లేపి బల్ల మీద పడుకోబెట్టాను. చేతులు తిమ్మిరెక్కుతున్నాయా, కళ్లు తిరుగుతున్నాయా అని అడిగాను. అలాంటివుంటే ముట్టుకోకుండా పెద్ద దవాఖానకు పంపాలి. ఏమీ లేవన్నాడు. మెడ కండలు మెల్లగా వదులు చేసి, చేతులతో చిన్నగా సవరించాను. టప్‌మంది. కండక్టర్ తట్టాడనుకొని బస్టాండులో చెన్నూరు బస్సు కదిలిపోయింది.

"ఇరిగిందా?" అన్నాడు మామ.

"లేదు మామా, కదిలింది."

మరునాడు పెళ్లిలో బంతిలో కూర్చున్న ఒకాయన అడిగాడు: "మీ చిన్నల్లుడు ఏం పని జేస్తడే?" మామ విస్తరి ముందునుంచి లేచి, గొంతు సవరించి, "కై-రో-ప్రాక్-టర్" అన్నాడు. బ్యాండు ఆగింది. పురోహితుడు మంత్రం మింగాడు. పెళ్లికొడుకు మూడో ముడి వదిలేసి వెనక్కి తిరిగాడు.

ఇక మాట ఇచ్చాను కదా. పాస్‌పోర్టులు నిజం. బోర్లా పడుకున్నవాళ్లు నిజం, వరుసను మాత్రం కొంత కుదించుకోండి. బస్సు దాని వేళకు అది కదిలి ఉండవచ్చు. పూర్తిగా కల్పించింది ఒక్కటే, మామ ఆ పేరు పలకడం. ఆ మాట ఆయన నోట ఇప్పటికీ రాలేదు.

జరిగింది ఇదీ. బంతిలో ఆయన నా పనేంటని అడిగాడు. మామ దగ్గాడు. "గీయిన... ఏం జేస్తడో నాకు చెప్పరాదు. గని జేసినంక గిట్లయితది," అంటూ తలను కుడికి తిప్పాడు, ఎడమకు తిప్పాడు, మళ్లీ కుడికి తిప్పి వడ్డించేవాణ్ణి పప్పు తెమ్మన్నాడు.

అడిగినాయన నడుము పట్టుకొని నా వైపు వంగాడు.

"చేతులా, కాళ్లా?"

నేను నోరు తెరిచేలోపే మామ అన్నాడు: "చేతులే."