సారు సంతకం పెట్టిన తప్పు

పోయిన మంగళవారం మూడో పీరియడ్ చెబుతుండగా మా స్కూలు వాట్సాప్ గ్రూపులో వార్త వచ్చింది. మా పెద్ద సారు ఇక లేరు. కోట ఊళ్ళో తన ఇంట్లోనే, పొద్దున కాఫీ తాగి, పేపరు చేతిలో ఉండగానే పోయారట. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసకట్టాయి. ఒక సహోద్యోగి మాత్రం నాలుగు వాక్యాలు రాశాడు. మంచి మనసుతోనే రాశాడు. ఆఖరి వాక్యం ఇది: "ఎన్నికల డ్యూటీలో ఆ ఒక్క నిర్లక్ష్యం తప్ప, మచ్చలేని ఉద్యోగం."

ఆ నిర్లక్ష్యం సారుది కాదు, నాది. ఆ సంగతి ఇన్నాళ్ళూ సారుకూ నాకూ మధ్యే ఉండిపోయింది. ఆయన బతికుండగా నోరు విప్పని దాన్ని, ఇప్పుడు నివాళి రాస్తానని కూర్చున్నాను. చదివేవాళ్ళు నన్ను తిట్టుకున్నా తప్పులేదు.

నేను లెక్కల టీచరుగా చేరినప్పుడు ఆయన మా హెడ్మాస్టరు. మహా అనుమానపు మనిషి. మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మ గ్యాస్ కట్టేశానని చెప్పినా, వెళ్ళి చేత్తో తిప్పి చూసేవారు. గేటుకు తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి లాగేవారు. పెన్ను జేబులో పెట్టుకున్నాక జేబు తడుముకునేవారు. పిల్లలు ఆయన వెనకాల ఆ తాళం లాగుడును అనుకరించి నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. "చెప్పింది వినాల, చేసింది చూడాల. రెండూ వేరు పాపా" అనేవారు.

చేరిన ఏడాది నేను వేసిన మార్కుల జాబితాను పెన్సిలు పట్టుకుని మొదటి నుంచి కూడారు. ఒకచోట తప్పు దొరికింది. ఏమీ అనలేదు. దాని పక్కన చిన్న చుక్క పెట్టి, కాగితం మడిచి నా చేతికిచ్చారు. స్టాఫ్ రూములో ఇంకెవరికీ తెలియలేదు. తప్పు చేసినవాళ్ళను నలుగురి ముందు నిలబెట్టడం ఆయనకు చేతకాదు. నేను ఆ మంచితనాన్ని వాడుకున్నాను.

పోయిన అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఒకే స్కూలు వాళ్ళు ఒకే బృందంలో పడటం అరుదని అందరూ అన్నారు. మేం పడ్డాం. ఆయన ప్రిసైడింగ్ అధికారి, నేను ఆయన కింద మొదటి పోలింగ్ అధికారిని. మాకు వచ్చిన బూత్ పులికాట్ సరస్సు ఒడ్డున, శ్రీహరికోట వైపు ఉన్న చిన్న పాలెం. అక్కడ అందరూ చేపల వేటకు పోయేవాళ్ళే. ముందురోజు సాయంత్రం మేం సామాను దించుతుంటే ఒక పెద్దామె కూజాతో నీళ్ళు తెచ్చింది. "మా ఓటు నెగ్గుతాదా సారూ?" అని అడిగింది.

"నెగ్గేది నాకు తెలీదమ్మా. లెక్కకు మాత్రం వస్తాది. దానికి పూచీ నాది" అన్నారు సారు.

పోలింగుకు ముందు పార్టీల ఏజెంట్ల ఎదుట యంత్రంలో ఉత్తుత్తి ఓట్లు వేసి చూపించాలి. సరిగ్గా పడ్డాయని వాళ్ళు ఒప్పుకున్నాక అన్నీ చెరిపేసి, సున్నా చూపించాలి. సారు దగ్గరుండి చేశారు. సున్నాను రెండుసార్లు చూశారని వేరే చెప్పక్కర్లేదు. ఇంతలో బయట గోల మొదలైంది. ఎండ ముదరకముందే ఓటేసి పోదామని పాలెమంతా ఒక్కసారే వచ్చి గుమ్మం మీద పడింది. సారు వాళ్ళను సర్దడానికి వెళ్ళారు. ఆడవాళ్ళను ఒక వరసలో, మగవాళ్ళను ఒక వరసలో నిలబెట్టి, ముసలివాళ్ళను ముందుకు తెచ్చారు.

అప్పుడు ఒక ఏజెంటు ఆలస్యంగా వచ్చాడు. "నేను చూడలా మేడం. మా గుర్తుకు పడతా ఉందో లేదో ఇంకోసారి చూపించాల" అని పట్టుబట్టాడు. వాదన ఎందుకని ఒక్కో గుర్తుకు ఒక్కటి చొప్పున నొక్కి చూపించాను. పన్నెండు గుర్తులు, పన్నెండు ఓట్లు. అతను తృప్తిపడ్డాడు. మిగతా ఏజెంట్లు టైమవుతోందని అరుస్తున్నారు. నేను సీలు కాగితాలు వెతుక్కుంటున్నాను. సారు చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చి, ఆ ఏజెంటును చూసి విషయం అర్థం చేసుకున్నారు.

"మళ్ళా చూపించినావా? అంతా క్లియర్ చేసినావా పాపా?"

"చేసేశాను సార్."

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. చేసేశానని నమ్మీ చెప్పలేదు. నోటికి వచ్చింది, అన్నాను. ఆయన చెయ్యి యంత్రం వైపు సగం దాకా వెళ్ళింది. నా ముఖం చూసి వెనక్కి తీసుకున్నారు. పెన్ను తీసి, యంత్రం ఖాళీగా ఉందన్న కాగితం మీద సంతకం పెట్టారు. గ్యాస్ సిలిండరును, గేటు తాళాన్ని నమ్మని మనిషి ఆ పూట నన్ను నమ్మారు.

సాయంత్రం పోలింగు ముగిశాక, రిజిస్టరులో సంతకాల కంటే యంత్రంలో ఓట్లు పన్నెండు ఎక్కువ వచ్చాయి. "సార్, ఆ పన్నెండు..." అన్నాను. ఆయన రిజిస్టరు మూసి నా వైపు చూశారు. కోప్పడితే బాగుండేది.

"నీ ప్రొబేషన్ ఎప్పటికి అయిపోతాది?"

"ఆగస్టుకు సార్."

"అయితే ఊరుకో."

డైరీలో 'ప్రిసైడింగ్ అధికారి పొరపాటు' అని రాశారు. తర్వాత విచారణలో పెద్ద అధికారి, యంత్రం ముట్టుకున్నది ఎవరని అడిగారు. "నేనే" అన్నారు సారు. ఆయన పక్క కుర్చీలోనే నేను కూర్చుని ఉన్నాను. తల వంచుకుని నా చెప్పులు చూసుకున్నాను. నిజం చెప్పొద్దని నా నోరు ఎవరూ మూయలేదు. సారును సస్పెండ్ చేశారు. ఆ విచారణ నడుస్తుండగానే ఆయన రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు చదువు చెప్పిన మనిషికి ఒక శాలువా లేదు, ఒక ఫొటో లేదు.

లెక్కింపు రోజు టీవీలో జిల్లా తర్వాత జిల్లా ఫలితాలు పరుగెత్తాయి. మా బూత్ యంత్రాన్ని మాత్రం పక్కన పెట్టారు. గెలిచినాయన మెజారిటీ ఆ బూత్ ఓట్లకంటే చాలా ఎక్కువ కాబట్టి దాన్ని తెరవాల్సిన పని లేకపోయింది. నేను హమ్మయ్య అనుకుని సారుకు ఫోన్ చేశాను.

"ఏం కాలేదు సార్. ఫలితం మారలేదు."

"ఎవరికి ఏం కాలేదు పాపా?" అన్నారు.

ఆగస్టులో నా ప్రొబేషన్ కాగితం వచ్చింది. దాన్ని పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళి, ఇక చెప్పేస్తాను సార్ అన్నాను. "ఇప్పుడు చెప్తే అబద్ధం చెప్పినానని నా మీద ఇంకో కాగితం వస్తాది. కూర్చో, కాఫీ తాగు" అని నవ్వారు. నాకు కావలసిందీ ఆ మాటే. కాఫీ తాగాను. బాగుందని కూడా అన్నాను.

ఆ రోజే తెలిసింది, లెక్కింపు అయిన మర్నాడే ఆయన బస్సెక్కి పాలేనికి వెళ్ళారని. అందరినీ కూర్చోబెట్టి, మీ ఓట్లు లెక్కకు రాలేదు, తప్పు నాది అని చెప్పారట. నీళ్ళు తెచ్చిన పెద్దామె అడిగిందట: "మా నెత్తి మీద రాకెట్టు పోతాది. అది యాడికి పొయ్యిందో టీవీలో చెప్తారు. మా ఓట్లు యాడికి పొయినాయి సారూ?" ఆ మాట నాకు చెప్పేటప్పుడు ఆయన నవ్వలేదు. తర్వాత కూడా రెండు మూడు నెలలకోసారి అక్కడికి వెళ్ళి, వాళ్ళ అర్జీలు, రేషన్ కార్డుల కాగితాలు రాసిపెట్టి వచ్చేవారు. నన్ను రమ్మని అడగలేదు. నేనూ వస్తానని అనలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్ళేసరికి వీధిలో ఒక మినీ లారీ ఆగి ఉంది. పాలెం వాళ్ళు దిగుతున్నారు. ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్ళు ఒక వరస, మగవాళ్ళు ఒక వరస కట్టి, ముసలివాళ్ళను ముందుకు పంపారు. బంధువులు ఆ వరసలను వింతగా చూశారు. నేను వెళ్ళి ఆడవాళ్ళ వరసలో నిలబడ్డాను. నా వెనక ఆ పెద్దామె ఉంది.

నా వంతు వచ్చింది. ఆయన జేబులో పెన్ను అలాగే ఉంది. కాళ్ళకు దండం పెట్టబోతే నోట్లోంచి మాట వచ్చేసింది.

"చేయలేదు సార్."

"ఏంది పాపా చెయ్యంది?" అంది పెద్దామె.

వెనక్కి తిరిగి చెప్పాను. "ఆ రోజు మీ మిషన్‌లో తప్పు చేసింది సారు కాదమ్మా. నేను. ఉత్తుత్తి ఓట్లు చెరపకుండానే, సారు అడిగితే చేసేశానని చెప్పాను." గొంతు తగ్గించలేదు. గ్రూపులో ఆ వాక్యం రాసిన సహోద్యోగి అక్కడే కుర్చీలో ఉన్నాడు, తలెత్తి చూశాడు.

ఆమె నన్ను చూసింది. తర్వాత సారును చూసింది.

"తనే చేసినానని చెప్పినాడే."

"అవునమ్మా."

ఆమె ఇంకేమైనా అంటుందని ఎదురుచూశాను. తిట్టినా పడటానికి సిద్ధంగానే ఉన్నాను.

"జరుగు పాపా. ఎనకాల జనం ఉండారు" అంది.

పక్కకు జరిగాను. గుమ్మం దాటి వీధి మలుపు దాకా ఉన్న రెండు వరసలూ ఒక్కో అడుగు ముందుకు కదిలాయి.